రెండు తాళాల బీరువా

బీరువా ఖాళీగా ఉంది. రెండు తాళాలూ చెక్కు చెదరలేదు.

గురువారం మధ్యాహ్నం 1:40. రియాద్, బతా బజారు వెనక ఒక మూడో అంతస్తు ఫ్లాట్. ఇరవై ముగ్గురు ఆడపిల్లల ఫారాల కట్ట మాయమైంది. పరీక్షా కేంద్రంలో వాటిని తీసుకునేది ఈ రోజు నాలుగింటి వరకే. ఆలోగా కట్ట చేరకపోతే పిల్లలందరికీ ఏడాది పోయినట్టే.

ఓబదయ్య మెట్లెక్కి వచ్చేసరికి 2:05. మోకాళ్ళు మొరాయించాయి. ఒంగోలులో ఎస్సైగా చేసి, ముందే రిటైర్మెంట్ తీసుకుని, నర్సుగా ఉన్న భార్య జ్ఞానమణి ఇకామా, అంటే నివాస పర్మిట్ మీద డిపెండెంటుగా వచ్చిన మనిషి. దొంగల్ని పట్టుకోవడమంటే విసుగు పుట్టి చాలా కాలమైంది. కానీ పోలీసుల్ని పిలవడానికి భయపడేవాళ్ళు ఆయన్నే పిలుస్తారు.

ఆ భవనంలో సగం ఫ్లాట్లు ఖాళీ. విదేశీ కుటుంబాల మీద తలకింత అని లెవీ పన్ను పడ్డాక చాలామంది భార్యాపిల్లల్ని ఊళ్ళకు పంపేశారు. పంపలేనివాళ్ళు పిల్లల్ని బడి మాన్పించారు. అలాంటి ఆడపిల్లల కోసమే రెండు అంతర్జాతీయ సంస్థలు కలిసి ఈ క్లాసు నడుపుతున్నాయి.

పిల్లల్ని వెనక గదిలోకి పంపి ఓబదయ్యను లోపలికి రానిచ్చారు. రెండో సంస్థ ఆఫీసరు జెఫ్రీ ముందు గదిలోనే ఉండిపోయాడు.

బీరువా చూసి ఓబదయ్య బయటికొచ్చాడు.

"ఒక్కో సంస్థకు ఒక్కో తాళం సార్. రెండు తాళంచెవులూ ఉంటేనే తెరుచుకుంటుంది. జాయింట్ ప్రోటోకాల్. హెడ్డాఫీసులు సంతకాలు పెట్టిన రూలు," అన్నాడు జెఫ్రీ.

"మీ తాళంచెవి?"

"నా జేబులోనే. ఎప్పుడూ వదల్లేదు."

మొదటి సంస్థ తరఫున పాఠాలు చెప్పే జెస్సీది కాకినాడ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"కట్ట ఆఖరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

"నిన్న సాయంత్రం 5:10కండీ. నేనే బీరువాలో పెట్టానండీ."

"అందులో ఏముంది?"

"ఒక్కో పిల్లకు రెండేసి కాగితాలండీ, కలిపి పిన్ను కొట్టాం. ఒకటి పరీక్ష ఫారం. రెండోది సంస్థల వివరాల షీటు. అందులో తండ్రి కంపెనీ, ఇకామా గడువు ఉంటాయండీ."

"ఆ షీటు ఎవరికి?"

జెస్సీ జెఫ్రీ వైపు చూసింది. "రెండు సంస్థల లిస్టులూ కలిపి, వెరిఫికేషన్ కోసం బయటి ఆఫీసుకు కాపీ పంపాలని నిన్న మెయిల్ వచ్చిందండీ. పిల్లలకు చెప్పాను. తొమ్మిది మంది ఇళ్ళలో ఇకామా గడువు దాటిపోయిందండీ. స్థానికుల కోటా చూసే నితాఖాత్‌లో వాళ్ళ నాన్నల కంపెనీలు రెడ్‌లో పడ్డాయి, రెన్యువల్ ఆగిపోయింది."

దొరికితే తర్హీల్, డిపోర్టేషన్ కేంద్రం. అక్కడ నాలుగు రోజులు తాళం వేసి ఉంచి, విమానం ఎక్కించేస్తారు. ఓబదయ్యకు తెలుసు.

2:40. ఆయా రహమత్బీ టీ తెచ్చింది. రాయచోటి మనిషి. కూతురు మెహక్ కూడా ఈ క్లాసులోనే చదువుతోంది.

ఓబదయ్య టీ గ్లాసు అందుకున్నాడు, తాగలేదు.

"జెఫ్రీ గారూ, బీరువా ఏ రంగు?"

జెఫ్రీ తడబడ్డాడు. "బూడిద రంగు... అనుకుంటా."

"ఆకుపచ్చ. మీరు దాన్ని ఎన్నడూ చూడలేదు."

"ఎలా చూస్తాను సార్? ఆడపిల్లల క్లాసు. మగవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు కదా."

"మరి రోజూ మీ తాళం ఎవరు వేస్తున్నారు?"

జెఫ్రీ ముఖం ఎర్రబడింది. "తలుపు దగ్గర తాళంచెవి ఇస్తాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చేస్తుంది. అది కూడా వదలడం కిందికే వస్తుందా?"

"జెస్సీ, ఆ రెండు నిమిషాలూ నీ తాళంచెవి ఎక్కడుంటుంది?"

"నా తాళానికే ఉంచేసి అటెండెన్స్ రాసుకుంటానండీ. రెండూ వేసేసి తెచ్చిస్తుంది..."

జెస్సీ ఆగిపోయింది. ముగ్గురూ టీ పళ్ళెం వైపు చూశారు.

రహమత్బీ పళ్ళెం కింద పెట్టింది.

"నేనే ఎత్తినా సార్. ఆ కాగితం ఆఫీసుకు పోతే అందర్నీ తర్హీల్‌లో ఏస్తారని పిల్లోళ్ళు ఏడుస్తాండిరి. నా మొగునికి ఇకామా అయిపోయి ఎనిమిది నెలలాయ."

"కాగితం మీది ఫోటో చూసి మెహక్‌ది ఒక్కటే తీసుకోవచ్చుగా?"

"మిగతావాళ్ళు బిడ్డలు కాదా సార్?"

"పరీక్ష ఫారాలు కూడా అందులోనే ఉన్నాయి రహమత్బీ," అంది జెస్సీ.

రహమత్బీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నేల మీద కూలబడిపోయింది.

"నాకు చదువు రాదు గదమ్మా. అన్నీ ఆఫీసు కాగితాలే అనుకుంటి. అమ్మీ, ఫారం పంపినారా అని పొద్దున్నించీ అడుగుతానే ఉండాది నా బిడ్డ. దాని నోట్లో నేనే మన్ను కొడితినా?"

నేరం తేలింది, సంతోషం మాత్రం లేదు. సర్వీసంతా ఇంతే.

"ఎక్కడుందమ్మా కట్ట?"

"ఈడనే. వంటింట్లో, బియ్యం డబ్బాలో. ఇంటికి ఎత్తుకపోతే మెహక్ చూస్తాదని."

2:55. ఓబదయ్య ఒక్కో పిన్ను తీశాడు. పరీక్ష ఫారాలు జెస్సీకిచ్చాడు.

"వీటిలో ఇకామా గడి లేదు. పాస్‌పోర్ట్ నంబరు చాలు. నువ్వు బయల్దేరు."

"ఆ రెండో షీట్లు మా డేటా సార్," అన్నాడు జెఫ్రీ.

"అవి దొరకలేదు."

"మీ చేతిలోనే ఉన్నాయి!"

"నాకు పరీక్ష ఫారాలే దొరికాయి. మీకింకేమైనా కనిపిస్తున్నాయా?"

జెఫ్రీ పిల్లలున్న వెనక గది తలుపు వైపు చూశాడు.

"రిపోర్టులో ఏం రాయమంటారు?"

"రెండు తాళాలూ చెక్కు చెదరలేదని రాయండి. అది నిజమే కదా."

3:10. జెస్సీ మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. తలుపు వెనక నుంచి మెహక్ గొంతు.

"అమ్మీ, ఫారం పంపినారా?"

రహమత్బీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పంపినారు బేటా."

ఓబదయ్య గ్లాసు ముట్టుకుని చూశాడు.

"టీ చల్లారిపోయిందమ్మా. పొయ్యి వెలిగించు," అంటూ ఆ ఇరవై మూడు కాగితాలూ ఆమె చేతిలో పెట్టాడు.