అభ్యంతరం ఉంది, సర్

పళ్ళసెట్లు తయారుచేసే మెకానిక్‌ను చంపినవాడు పని శుభ్రంగానే చేశాడు. సైలెన్సర్ పిస్టల్, ఒకే బుల్లెట్. బల్ల మీద స్పిరిట్ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, పక్కన టీ కూడా చల్లారలేదు. కానీ హడావుడిలో శవం గుప్పిట విప్పి చూడలేదు. అక్కడే పప్పులో కాలేశాడు.

గుప్పిట్లో ప్లాస్టర్‌తో చేసిన పైదవడ అచ్చు ఉంది. అందులో ముందుపన్ను మూల విరిగి ఉంది.

ఆ అచ్చు ఇప్పుడు గూఢచారి శాఖ అధిపతి టేబుల్ మీద ఫైళ్ళకు బరువుగా కూర్చుంది. ఆయన్ని శాఖలో అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా నిలబడ్డది ఏజెంట్ సూది. చిన్నప్పుడు ఎవరు ఏం చెప్పినా 'ఎందుకు' అని గుచ్చి గుచ్చి అడిగేదట. మేనమామ పెట్టిన ఆ పేరే చివరికి కోడ్‌నేమ్ అయి కూర్చుంది.

"ఎవరి పళ్ళో చెప్పగలవా?" అన్నాడు పెద్దాయన.

సూది అచ్చును వెలుతురులో తిప్పి చూసింది.

"పెన్సిల్ కొరికే అలవాటున్న మనిషివి. చీఫ్‌గారివి."

చీఫ్ అంటే సైన్యాధిపతి. హిస్టరీలో ఎం.ఏ. సైనిక అకాడమీ గడప తొక్కకుండా క్లాస్‌రూమ్ నుంచి నేరుగా సైన్యంలోకి వచ్చి జనరల్ అయినవాడు. ఆయనతోపాటు యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న మరో ఇద్దరు కూడా జనరళ్ళే. మ్యాథ్స్ చదివినాయన ఫిరంగి దళానికి, బోటనీ చదివినాయన అడవి దళానికి అధిపతులు. అకాడమీ వాళ్ళు వెనకాల ఈ ముగ్గుర్నీ 'బీఏ బెటాలియన్' అంటారు. పోయిన యుద్ధం గెలిపించింది ఈ ముగ్గురే అన్న సంగతి వాళ్ళకు ఇప్పటికీ మింగుడుపడదు.

"ఆయనకు కట్టుడు పళ్ళు లేవుగా సర్. ఈ అచ్చు ఎందుకు?"

"ఆయనకి కాదు. ఆయనలా కనిపించాల్సినవాడికి."

సూది కుర్చీ పట్టుకుంది. "డబుల్!"

"ముఖం సర్జన్ చేస్తాడు, గొంతు ట్రైనర్ నేర్పుతాడు, పళ్ళు మెకానిక్ చేస్తాడు. పని కాగానే మెకానిక్ నోరు మూయించారు. చీఫ్ మొన్న పంటి నొప్పి అని డెంటిస్టు దగ్గరికి వెళ్ళాడు. బుగ్గ వాచిందని రెండ్రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఈ మధ్యాహ్నం వార్‌రూమ్‌లో ఆర్డరు మీద సంతకం పెడతాడు. ఎక్సర్‌సైజ్ పేరుతో ఉత్తర కనుమలో ఉన్న మన రెజిమెంట్‌ని వెనక్కి పిలుస్తున్నారు. వాళ్ళు కదిలారా, సరిహద్దు అవతలివాళ్ళ ట్యాంకులు ఇవతలికొస్తాయి."

"వేలిముద్రలు పోల్చి చూడండి."

"రికార్డ్‌రూమ్ పోయిన వారం తగలబడింది. షార్ట్ సర్క్యూట్ అట."

"పళ్ళ ఎక్స్‌రే?"

"సైన్యాధిపతిని నోరు తెరవమని ఎవరడుగుతారమ్మా? నిజం చీఫ్ అయితే నన్ను కోర్టుమార్షల్ చేస్తాడు. నిన్ను కూడా."

"నన్నా? నేనేం చేశాను?"

"ఇంకా చెయ్యలేదు," అన్నాడు పెద్దాయన. "చెయ్యబోతున్నావు."

*

డెంటిస్టు క్లినిక్‌కు సూది బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని పేషెంటులా వెళ్ళింది. తెల్లటి గోడలు, చేపల తొట్టి, తోలు సోఫా. డెంటిస్టు తెల్లకోటు కింద పట్టుచీర, చెవులకు పచ్చరాళ్ళు. ఆమె నవ్వితే పేషెంట్లు నొప్పి మరిచిపోతారని ఊళ్ళో పేరు. ఆమె మన శాఖకు సమాచారం అందిస్తుంది, అవతలి దేశానికి కూడా అందిస్తుంది. ఎవరికి ఎక్కువ సొంత మనిషో ఇప్పటిదాకా తేలలేదు.

"చీఫ్‌గారు బానే ఉన్నారా డాక్టర్?" సూది నోరు తెరుస్తూ అడిగింది.

"భేషుగ్గా ఉన్నారు. చిగుళ్ళ వాపు, అంతే. మందిచ్చి పంపాను."

అంతలో వెనక గది తలుపు తీసుకుని కాంపౌండరు బయటికొచ్చాడు. మొహం వడలిపోయి ఉంది. "నావల్ల కాదు మేడమ్. ఆ లోపలి పేషెంటు దూది కుక్కినా ఊరుకోడు. ఏ మందు ఇస్తున్నావు, ఎందుకిస్తున్నావు, ఎందుకివ్వకూడదో కారణాలు చెప్పు అంటాడు. ప్రాణం తీస్తున్నాడు!"

డెంటిస్టు నవ్వు చెరగలేదు, కానీ చేతిలో అద్దం ఒక్క క్షణం ఆగింది. "ముసలి పేషెంటులే. చాదస్తం."

సూది నొప్పి తగ్గిపోయిందని చెప్పి లేచింది. మెట్లు దిగుతూ ఆ లోపలి పేషెంటు ఎవరోనని అనుమానపడింది, కానీ అనుమానం మీద ఎవర్నీ అరెస్టు చేయలేరు. హెడ్‌క్వార్టర్స్‌లో ఒక చీఫ్ నిక్షేపంగా కూర్చుని ఉండగా, ఇంకో చీఫ్ కోసం తలుపులు పగలగొట్టమంటే సైనికులే పిచ్చిదనుకుంటారు. ముందు అక్కడున్నవాడు దొంగ అని తేలాలి.

శాఖ వర్క్‌షాపులో పనిచేసే మేనమామ ఆమెకు సిగ్నల్స్ లెఫ్టినెంట్ యూనిఫాం ఇచ్చాడు. పై బొత్తాం బిగిస్తూ, "ఇది మైకు. నువ్వు మాట్లాడింది మీ పెద్దాయన కారులో కూర్చుని వింటాడు," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "ఏం చేద్దామనుకుంటున్నావే?"

"ఎదురు చెబుతాను మావయ్యా."

"అంతేనా? అది నీకు పుట్టుకతో వచ్చిందేగా!"

సూది నవ్వలేకపోయింది. అకాడమీ సెలక్షన్ బోర్డు ఒకప్పుడు ఆమె ఎమ్మెస్సీ సర్టిఫికెట్ చూసి, చదువుకున్న పిల్లవు నీకు తుపాకీ ఎందుకమ్మా అని నవ్వి పంపింది. పిలిచి ఉద్యోగమిచ్చింది చీఫే, అప్పుడాయన బ్రిగేడియర్. లోపలున్నది నిజంగా ఆయనే అయితే, తనకు అన్నం పెట్టిన మనిషిని పదిమందిలో అవమానించినట్టవుతుంది. కాకపోతే, ఆ మనిషి ఎక్కడో చావుకు దగ్గరగా ఉన్నాడు. రెండోది తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని చావనివ్వను, అనుకుంది.

*

వార్‌రూమ్‌లో పొడవాటి బల్ల, గోడనిండా మ్యాపు, మూలన కనుమ రెజిమెంట్‌కు డైరెక్ట్ లైన్ ఉన్న నల్లటి టెలిఫోన్. దాని పక్కన సిగ్నల్స్ లెఫ్టినెంట్‌గా సూది నిలబడింది. గదిలో అందరికన్నా చిన్న ర్యాంకు ఆమెదే.

బల్లకు ఒకవైపు మ్యాథ్స్ జనరల్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పక్కన బోటనీ జనరల్ జేబులోంచి ఎప్పటిలాగే కొమ్మలు కత్తిరించే కత్తెర తొంగిచూస్తోంది. దాన్ని మెడల్‌లా వెంటేసుకుని తిరుగుతాడని అందరూ నవ్వుతారు. ఎదురుగా డిప్యూటీ చీఫ్, ఇస్త్రీ నలగని అకాడమీ మనిషి. బీఏ బెటాలియన్ అనే పేరు పెట్టింది ఆయనేనని వినికిడి.

చీఫ్ వచ్చాడు. అదే ముఖం, అదే నడక, అదే విరిగిన పన్ను. ఆయనేనేమో, అనుకుంది సూది.

"ఆర్డర్," అన్నాడు చీఫ్ బుగ్గ పట్టుకుని. కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు.

నిజం చీఫ్‌కు ఒక పద్ధతుంది. సంతకం పెట్టేముందు పెన్ను బల్లమీద పెట్టి, గదిలో అందరికన్నా చిన్నవాణ్ణి లేపి, ఈ ఆర్డరు ఎందుకు తప్పో చెప్పమంటాడు. తప్పు లేకపోయినా వెతికి చెప్పాల్సిందే. యూనివర్సిటీలో ఆయన మాస్టారు నేర్పిన పద్ధతి అది. ఆఫీసర్లు దాన్ని 'వైవా' అంటారు. తలుపులు మూశాక జరిగే తతంగం కాబట్టి ఏ ఫైల్లోనూ ఉండదు, ఏ ఫోటోలోనూ కనిపించదు. డెంటిస్టు కుర్చీలో దూది కుక్కుకుని కూర్చున్న మనిషి దాని గురించి చెప్పి ఉండే అవకాశమూ తక్కువే.

ఈ చీఫ్ పెన్ను కింద పెట్టలేదు. కాగితం మీదికి వంగాడు.

"అభ్యంతరం ఉంది, సర్!"

సూది గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. చీఫ్ తలెత్తాడు.

"ఎవరు నువ్వు?"

"సిగ్నల్స్ లెఫ్టినెంట్‌ని సర్. ఈ ఆర్డరు తప్పు. కనుమ ఖాళీ చేస్తే దాన్ని మళ్ళీ పట్టడానికి మనవాళ్ళు ఎంతమంది చావాలో మీరే చెప్పండి."

నిజం చీఫ్ అయితే ఈపాటికి కుర్చీలో వెనక్కి వాలి, ఊఁ తర్వాత, అనేవాడు. ఈయన బల్ల గుద్దాడు.

"నోర్ముయ్! ఆర్డర్ ఈజ్ ఆర్డర్. గెటౌట్!"

గది చల్లబడింది. మ్యాథ్స్ జనరల్ కళ్ళజోడు తుడవటం ఆపేశాడు. నెమ్మదిగా పెట్టుకుని చీఫ్ వైపు చూశాడు, తర్వాత లేచి నిలబడ్డాడు.

"నాక్కూడా అభ్యంతరం ఉంది."

"నాకూ," అన్నాడు బోటనీ జనరల్ లేస్తూ.

చీఫ్ ముఖం డిప్యూటీ వైపు తిరిగింది. "చూశారా ఈ క్రమశిక్షణ? కాలేజీ బుద్ధులు! మీరు అకాడమీ వారు, మీరైనా చెప్పండి."

డిప్యూటీ చీఫ్ కోటు సర్దుకుని నిలబడ్డాడు. "నేను అకాడమీ వాణ్ణే. ఆ వైవా అంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. నిన్నగాక మొన్నొచ్చిన పిల్లల చేత నా ప్లాన్లని చీల్చి చెండాడించాడు మా చీఫ్. కానీ ఒక్కసారి కూడా వాళ్ళని నోర్ముయ్ అనలేదు." ఆయన ఒక అడుగు ముందుకేశాడు. "మా చీఫ్‌ని ఏం చేశావురా?"

ముసుగు పోయింది. దొంగ చీఫ్ పిస్టల్ లాగి, ఒక్క గెంతులో నల్ల టెలిఫోన్ అందుకున్నాడు. సంతకం లేకపోయినా ఫోన్లో చీఫ్ గొంతుతో కోడ్‌వర్డ్ వినిపిస్తే చాలు, రెజిమెంట్ కదులుతుంది. కోడ్‌వర్డ్ 'గొడుగు మడవండి'.

"కదిలితే కాలుస్తా! హలో... చీఫ్ స్పీకింగ్. గొడుగు..."

సూది మ్యాపు చూపించే కర్రతో అతని మణికట్టు మీద బలంగా కొట్టింది. తూటా సీలింగ్‌లోకి పోయింది. అయినా రిసీవర్ వదల్లేదు వాడు. "మడ..."

చిటుక్కున చిన్న శబ్దం. బోటనీ జనరల్ బల్లకింది నుంచి తల బయటపెట్టాడు. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో టెలిఫోన్ తీగ.

"ఎండుకొమ్మ," అన్నాడు.

డిప్యూటీ చీఫ్ అకాడమీలో నేర్పిన పట్టుతో దొంగ చీఫ్‌ను నేల కరిపించాడు. సూది బొత్తాంలోకి అరిచింది. "సర్, డెంటిస్టు క్లినిక్! వెనక గది! కాంపౌండర్ని ప్రశ్నలతో చంపుతున్నది చీఫ్‌గారే!"

*

పెద్దాయన మనుషులు వెళ్ళేసరికి డెంటిస్టు తానే వెనక గది తలుపు బార్లా తెరిచి నిలబడింది. "మీకోసమే కాపాడుతున్నాను, ఆలస్యమైందేం?" అంది. పెద్దాయన ఆమెకు దండం పెట్టి మరీ బేడీలు వేయించాడు. కాంపౌండరు మాత్రం అరెస్టు చేసినందుకు థాంక్స్ చెప్పాడు.

మర్నాడు అదే వార్‌రూమ్‌లో, వాచిన బుగ్గతో, నిజం చీఫ్ కూర్చున్నాడు. ముందున్న కాగితం సూదికి శౌర్యపతకం ఇవ్వాలన్న సిఫార్సు. కింద డిప్యూటీ చీఫ్ సంతకం అప్పటికే ఉంది. సూదికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన బతికున్నాడు, చాలు అనుకుంది.

చీఫ్ పెన్ను తీశాడు. తీసి, బల్లమీద పెట్టాడు. గదంతా కలయజూశాడు.

"ఇక్కడ అందరికన్నా చిన్న ర్యాంకు ఎవరిదమ్మాయ్?"

"నాదే సర్."

"అయితే లే. ఈ పతకం ఎందుకివ్వకూడదో చెప్పు. మొహమాటపడితే ఊరుకోను."

సూది లేచింది. క్లినిక్‌లో కాంపౌండరు మాటలు చెవిన పడ్డా అప్పటికప్పుడు ఎవరికీ చెప్పకపోవడం, చీఫ్‌ను అందాకా మృత్యుముఖంలో వదిలేయడం, తుపాకీ ఎదురుగా కర్ర పట్టుకుని దూకడం, ఒక్కొక్కటే విప్పి చెప్పింది. మ్యాథ్స్ జనరల్ తల పంకించాడు. డిప్యూటీ చీఫ్ ముక్కు మీద వేలేసుకున్నాడు.

ఆమె ఎంత బాగా వాదించిందంటే, పతకం రాలేదు.