ఆరేలియా చెప్పిన తప్పు జవాబు

ఫోర్తునాతో తాత చివరి గుక్క కాఫీ తాగి, కప్పు కింద పెట్టేలోగా తల వాల్చేశాడు. సెబూ నగరం, కార్బన్ మార్కెట్, పట్టపగలు. చుట్టూ ఎండుచేపల బేరాలు సాగుతూనే ఉన్నాయి. ముసలాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు అందరూ.

కర్నల్ దుమ్లావ్ ఆ ముసలాయన శవం ఫొటోని బల్ల మీదుగా తోసింది.

"విషం. గుర్తుపట్టావా?"

ఏజెంట్ ఎలిసియో కబాహుగ్ తల అడ్డంగా ఊపాడు.

"పట్టలేవులే. కానీ ఏళ్ల తరబడి రోజూ మాట్లాడుతున్నావు. 'నిన్నటి సెబూ' గ్రూపులో పాత ఓడల మీద ప్రశ్నలేసే పెద్దాయన."

ఎలిసియో ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. చరిత్ర పిచ్చివాళ్లు ఒకరికొకరు ప్రశ్నలు విసురుకునే ఆన్‌లైన్ గ్రూపు అది. డ్యూటీ దిగి ఒంటరి గదికి చేరే ఎలిసియోకి చుట్టాలన్నా వాళ్లే, స్నేహితులన్నా వాళ్లే. అందులో తనని "ఒరే మొద్దూ" అని చనువుగా పిలిచే ఒకే ఒక్క మనిషి ముఖం అతను మొదటిసారి చూస్తున్నాడు. పెదవి చివర నురగ ఎండిపోయి ఉంది.

"ఎందుకు చంపారు, మేడమ్?"

"ఒక విదేశీ ముఠా ఆ గ్రూపులోనే ఆర్డర్లు పంపుకుంటోంది. ఫోన్లయితే మనం వింటాం. క్విజ్ ఎవడు వింటాడు? జవాబు ఒక సంవత్సరం. దాని చివరి రెండంకెలే కోడ్. పెద్దాయన ఊరుకోక అందరి ముందూ అడిగేశాడు, 'ఎప్పుడు చూసినా సంవత్సరాలే అడుగుతారేం? ఇది క్విజ్జా, టెలిగ్రామా?' అని."

"నా మిషన్?"

"వాళ్ల నేవీ ఇంజినీరు ఒకడు రహస్యాలతో పారిపోయి వస్తున్నాడు. పక్కన చిన్న కూతురు. ఆదివారం మన రేవులో దిగుతాడు. ఎవర్నీ నమ్మడు, మనల్ని కూడా. అతని పడవ ఏ బెర్తు దగ్గర ఆగుతుందో మనకి తెలీదు, వాళ్లకి తెలుసు. అక్కడే చంపుతారు. వాళ్లలో మన మనిషి ఉంది. డబుల్ ఏజెంట్. మీ గ్రూపు అడ్మిన్, ఆరేలియా వెలోసో. బెర్తు నంబరు ఆదివారం తనే క్విజ్ ప్రశ్నలో పెట్టి మనకి చెబుతుంది."

ఎలిసియో ఫొటోని బల్ల మీద బోర్లించాడు.

మర్నాడు ఒక పెద్ద హోటల్ లాబీలో అతను పియానో శృతి చేసేవాడి వేషంలో, అంటించిన మీసంతో వంగి కూర్చున్నాడు. ఆకుపచ్చ పట్టు గౌనులో ఆరేలియా వచ్చింది. ఒకప్పుడు టీవీలో క్విజ్ నడిపిన మనిషి. ఇప్పటికీ ఆమె నడిచి వస్తే లాబీ అంతా తల తిప్పి చూసింది. పియానో మీద మోచెయ్యి ఆనించి కోడ్ ప్రశ్న అడిగింది.

"మన దేశ చరిత్రలో ఏమీ జరగని రోజు ఏది?"

"1844 డిసెంబరు 31. క్యాలెండరు దిద్దుతూ ఆ రోజుని ఎగరగొట్టేశారు."

"అమ్మయ్య, నేర్చుకున్నావు. అప్పుడు జనవరి ఒకటి అని ఎంత గొడవ చేశావయ్యా!"

"ఒక్కరోజు తేడాకి అందరి ముందూ కడిగేశావుగా, అక్కా."

"ఒక్క రోజైనా తప్పు తప్పేగా, తమ్ముడూ." ఆమె నవ్వింది. వెంటనే ఆ నవ్వు చెరిగిపోయింది. "తాత అడిగింది నన్నే. హెచ్చరిద్దామని బయల్దేరాను. నేను మార్కెట్‌కి వెళ్లేసరికి గుంపు మూగి ఉంది."

ఎలిసియో ఆమె అరచేతిలో ఒక ముత్యపు చెవిపోగు పెట్టాడు. "లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. ప్రమాదమైతే నొక్కు."

"ముందు లాక్కునేది ఇదే. వాళ్లేమన్నా వెర్రివాళ్లా?" అంటూనే పెట్టుకుంది. "ఇదంతా అయ్యాక నాకు నిజంగా ఒక ప్రశ్న వెయ్యి, ఎలిసియో. ఊరికే. ఆట కోసం. అలా ఆడి ఎన్నాళ్లయిందో."

ఆదివారం సాయంత్రం రేవు కిటకిటలాడుతోంది. గ్రూపులో ఆరేలియా ప్రశ్న పడింది: "మజెల్లాన్ సెబూలో దిగింది ఎప్పుడు?"

ఒకటో తరగతి పిల్లాడిని అడగమని అందరూ వేళాకోళం చేశారు. జవాబులన్నీ ఒకటే, 1521. ఎలిసియో తన మనుషుల్ని ఇరవై ఒకటో బెర్తు చుట్టూ మోహరించాడు. ఒక పడవ రేవులోకి వస్తోంది.

అప్పుడే ఆరేలియా జవాబు ప్రకటించింది: "అందరూ తప్పు. 1512."

గ్రూపు గొల్లుమంది. "అక్కా, కల్లు తాగావా?" "అడ్మిన్‌ని మార్చండి బాబూ!"

ఎలిసియో మాత్రం ఆ అంకెని మళ్లీ చదివాడు. ఒక్క రోజు తేడాని సహించని మనిషి తొమ్మిదేళ్లు తప్పు చెప్పదు. ఆమె దొరికిపోయింది. తమని ఇరవై ఒకటికి రప్పించమని వాళ్లు ఆమె మెడ మీద తుపాకీ పెట్టారు. ప్రశ్న వాళ్లడిగినట్టే వేసింది. జవాబు తనది.

"పన్నెండు! పన్నెండో బెర్తు!"

మనుషుల్ని తోసుకుంటూ పరుగెత్తాడు. పన్నెండులో పడవ నిచ్చెన అప్పుడే దించారు. బక్కపల్చటి మనిషి ఒకడు నిద్రపోతున్న పాపని భుజాన వేసుకుని దిగుతున్నాడు. కింద ఒక కూలీ, కాల్చిన పంది మాంసం బుట్ట దింపి వెనక్కి జరుగుతున్నాడు. ఎలిసియో ముక్కు ఎగబీల్చాడు. సెబూలో ఆ బుట్ట వాసన వీధి చివరికి కొడుతుంది. దీనికి వాసనే లేదు.

బుట్టని రెండు చేతులా ఎత్తి సముద్రంలోకి విసిరేశాడు. అది నీటిని తాకిందో లేదో పేలింది. ఉప్పునీరు వానలా కురిసింది. కూలీ వేషగాడిని అతని మనుషులు నేలకి అదిమిపట్టారు. పాప లేచి ఏడుపు అందుకుంది. ఎలిసియో జేబులోని రిసీవర్ మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు.

ఆరేలియా ఫ్లాట్ తలుపు బద్దలుకొట్టి వెళ్లేసరికి ఆమె కంప్యూటర్ ముందు ఒరిగిపోయి ఉంది. చెవి తమ్మె చిరిగి రక్తం గడ్డకట్టింది. తెరమీద నవ్వు బొమ్మలు ఇంకా వచ్చిపడుతూనే ఉన్నాయి. ఎలిసియో నేలమీద ఆమె పక్కనే కూలబడ్డాడు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ గుర్తుకు రాలేదు.

పత్రికల్లో గుండెపోటు అని రాయించారు. "నిజం బయటపడితే మిగతా ముఠా చెదిరిపోతుంది. నోరు విప్పకు," అంది కర్నల్. గ్రూపులో అందరూ సంతాపం తెలిపారు. "పాపం, అంత తెలివైన మనిషి, చివర్లో మతి తప్పింది. మజెల్లాన్ సంవత్సరమే మర్చిపోయింది," అని రాశాడొకడు.

ఎలిసియో ఒకే ఒక్క ముక్క రాశాడు: "ఆవిడ తప్పు చెప్పలేదు."

కాసేపటికి కొత్త అడ్మిన్ దాన్ని తీసేసి, కారణం కూడా రాశాడు: "చరిత్రకు సంబంధం లేని వ్యాఖ్య."