తొమ్మిది బుధవారాల చీటీ

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట, "నీళ్ళు కట్టేసిన మహానుభావుడు ఎవరు?"

ఆ మహానుభావుణ్ణి నేనే. మూడో అంతస్తులో, ఒకప్పుడు వాచీలు బాగుచేసిన వాచీల తాత ఇంట్లో కుళాయి కారుతోందని పంపిస్తే వెళ్ళాను. ప్లంబర్ అన్నవాడు ఎక్కడికి వెళ్ళినా ముందు చేసే పని మెయిన్ వాల్వు కట్టెయ్యడం. అదే చేశాను. పైన ఒక నర్సు తాత కాలి పుండు కడుగుతోందనీ, అప్పుడే మోచేతుల దాకా సబ్బు పట్టించుకుందనీ నాకేం తెలుసు?

గదిలోకి అడుగు పెట్టేసరికి రెండు చేతులూ పైకెత్తి, నురగ కారుతుంటే నా వంక చూస్తోంది. ఆ చూపుకి నా చేతిలో పానా కూడా తలదించుకుంది. ఒక్క నిమిషం ఆగమన్నాను. తాత కాలు మీ నిమిషాల కోసం ఆగదంది. తాత మాత్రం కాలు స్టూలు మీద చాపుకుని, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ హాయిగా నవ్వుకుంటున్నాడు.

మేమిద్దరం ఆ గదిలో ఎందుకు తగులుకున్నామో చెప్పాలి. మా వీధికి ఆ చివర రాతి చర్చి, ఈ చివర మేడ చర్చి. రాతి చర్చి మాది. పాటలు నెమ్మదిగా పాడతాం, ప్రార్థన మనసులో చేసుకుంటాం, టైముకి ఇళ్ళకి పోతాం. మేడ చర్చి వాళ్ళది, టైర్ల దుకాణం మీద అద్దె హాలు. వాళ్ళు చప్పట్లు కొడతారు, గొంతెత్తి ప్రార్థిస్తారు, ఎప్పుడు ముగిస్తారో ప్రభువుకే తెలియాలి. ముప్పై ఏళ్ళు ఈ రెండు సంఘాలూ ఒకే వీధిలో ఉండి పలకరించుకోలేదు.

వీధి పొడుగునా పాత అపార్ట్‌మెంట్లు. వాటిలో మెట్లు దిగలేని ముసలివాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. ఒకసారి చలికాలంలో రెండు చర్చిల వాళ్ళూ ఒకే ఆవిడకి ఒకే రోజున దుప్పట్లు తీసుకెళ్ళారట. ఆవిడ రెండూ తీసుకుని, పక్కింటాయనకి మాత్రం ఎవరూ ఒక్కటీ ఇవ్వరేమని అడిగిందట. పాస్టర్లిద్దరూ సిగ్గుపడి, ఆ మెట్ల మీదే చేతులు కలిపారు. అలా శనివారం పరిచర్య మొదలైంది. రూలు ఒక్కటే. ఇంటికి ఇద్దరు వెళ్ళాలి, చర్చికి ఒకరు చొప్పున.

మా పాస్టర్ గారు నన్ను ఇచ్చారు. వాళ్ళు ఆమెని ఇచ్చారు. ఆ మొదటి శనివారం ఆమె నాకన్నా ముందే వచ్చి పని మొదలుపెట్టేసింది.

చర్చిలో ఆడపిల్లని సిస్టర్ అంటారు, ఆస్పత్రిలో నర్సునీ సిస్టర్ అంటారు. కాబట్టి ఆమె అందరికీ డబల్ సిస్టర్. నేను మాత్రం చచ్చినా ఆ మాట అనలేదు. "ఏమండీ"తో నెట్టుకొచ్చాను. ఆమె నాకు "ఇంజనీరు గారూ" అని పేరు పెట్టింది. అందులో గౌరవం పాలెంతో, వెక్కిరింత పాలెంతో ఆమెకే తెలుసు.

నా పని అయిపోయిన రోజు బాగా గుర్తుంది. అయిదో నంబరు ఇంట్లో ఒక బామ్మ ఎవర్నీ తల ముట్టుకోనిచ్చేది కాదు. జుట్టంతా ఉండలు కట్టుకుపోయింది. ఈమె దువ్వెన బయటికే తియ్యలేదు. గోడ మీద ఫొటోలు చూపించి, ఈయనెవరు, ఆవిడెవరు అని నలభై నిమిషాలు అడుగుతూ కూర్చుంది. చివరికి బామ్మే విసుక్కుని, వచ్చిన పని చెయ్యవేమే, దువ్వు అంది. నేను స్నానాల గదిలో వాషర్ బిగిస్తూ అదంతా విన్నాను. ఆ పిల్లంటే నాకు ప్రాణం అని అక్కడే, ఆ తడి నేల మీద కూర్చునే అర్థమైంది.

అర్థమైతే సరా, చెప్పాలి కదా. చెప్పడానికి నోరు రాలేదు. అందుకని క్రైస్తవుడన్నవాడు చెయ్యవలసిన పనే చేశాను. ప్రార్థన అవసరత రాసి పెట్టెలో వేశాను.

మా చర్చిలో గుమ్మం పక్కన చెక్క పెట్టె ఉంటుంది. పేరు లేకుండా చీటీ రాసి వేస్తే పాస్టర్ గారు ఒక్కరే చదివి, గదిలో ఒక్కరే ప్రార్థిస్తారు. నేను రాసింది మూడే ముక్కలు. "ఒక అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. చెప్పే ధైర్యం లేదు. ఆమె మనసు నావైపు తిరిగేలా ప్రార్థించండి."

ఆ ఆదివారమే పాస్టర్ గారు ఒక ప్రకటన చేశారు. ఇకనుంచి మన చీటీలు మేడ చర్చివాళ్ళు ప్రార్థిస్తారు, వాళ్ళవి మనం. సొంత సంఘంలో చేతిరాత గుర్తుపడతారన్న బెంగ ఉండదు, ఒకరి భారం ఒకరు మోసినట్టూ ఉంటుంది. చక్కటి ఆలోచన. నేను మాత్రం అప్పుడు చర్చి వెనక నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నాను.

శనివారం మెట్లెక్కుతూ ఆమే ఆ కబురు చెప్పింది. మీ చర్చిలో ఎవరో పిరికాయన ఉన్నాడు పాపం, బుధవారం ఆడవాళ్ళ ప్రార్థనలో ఆయన చీటీ నేనే చదివాను అంది. పానా జారి నా కాలి మీదే పడింది. ఆమె అక్కడే కూర్చోబెట్టి బొటనవేలికి కట్టు కట్టింది. కట్టు కడుతూనే మిగతా రూలు చెప్పింది. చీటీ రాసిన మనిషి వచ్చి, నా ప్రార్థన నెరవేరింది అని చెప్పేదాకా ప్రతి బుధవారం ఆ చీటీ చదవాల్సిందేనట.

తర్వాతి బుధవారం సాయంత్రం నేను మేడ చర్చి వంటగదిలో సింకు కింద ఉన్నాను. నిజంగానే కారుతోంది, నేనేం అబద్ధం ఆడలేదు. వంటగదికీ హాలుకీ మధ్య ప్లైవుడ్ గోడ. ఆమె నా చీటీ చదవడం, పదిమంది ఆడవాళ్ళు నిట్టూర్చడం అన్నీ వినిపించాయి. ఆ తర్వాత ఆమె మేనత్త లేచింది. తల్లి లేని ఈమెని పెంచి పెద్ద చేసింది ఆవిడే. ఆవిడ గొంతుకి కింద టైర్ల దుకాణంవాళ్ళు కూడా సుత్తులు ఆపుతారు.

"ప్రభువా, ఆ బిడ్డ నోటికి పడ్డ తాళం తియ్యి తండ్రీ. ఆ అమ్మాయి ఎవరో గానీ, పొగరుబోతయితే ఆ పొగరు అణచు. కళ్ళు నెత్తికెక్కిన పిల్లయితే ఆ కళ్ళు కిందికి దించు."

అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్న గొంతు ఎవరిదో నాకు బాగా తెలుసు. నవ్వు ఆపుకోలేక తల సింకుకి కొట్టుకున్నాను.

ఆ సింకుకి పట్టినంత కాలం ఏ రిపేరుకీ పట్టి ఉండదు. ఒక వారం వాషర్, ఒక వారం గొట్టం, ఒక వారం ఏదో పార్టు దొరకలేదని వంక. నేను కింద పడుకుని నా కోసం జరిగే ప్రార్థనలు వింటూ ఉండేవాణ్ణి. నాలుగో వారానికి ఆయన మూగవాడేమో అన్న అనుమానం వచ్చింది వాళ్ళకి. అయిదో వారం, అసలు ఆ అమ్మాయికి పెళ్ళయిపోలేదు కదా అని ఒకావిడ కంగారు పడింది. ఇంట్లో అమ్మకి జరిగింది చెబితే కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. తరవాత కళ్ళు తుడుచుకుని, ఇంతకీ ఎప్పుడు చెబుతావురా అని అడిగింది.

ఏడో శనివారం నేను తాత కుళాయి దగ్గర ఉన్నాను. ఆమె కట్టు మారుస్తూ మొదలుపెట్టింది.

"ఇంజనీరు గారూ, మీ చర్చి ఆయన ఇంకా నోరు విప్పలేదు."

"ఆ అమ్మాయి భయపెట్టే రకమేమో."

"భయపెట్టే అమ్మాయిని ఎందుకు ఇష్టపడ్డాడట?"

"అది ఆయన్నే అడగాలి."

"దొరకనివ్వండి. చెవి మెలిపెట్టి మరీ అడుగుతా."

నేను నా చెవి తడుముకున్నాను. తాత దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మరుసటి శనివారం ఆమె వెక్కిరించలేదు. తాత కాలు దాదాపు మానిపోయింది. ఆ సంతోషం కూడా ఆమె మొహంలో కనిపించలేదు. సామాను సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది. దూరంగా ఇంకో ఊళ్ళో పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిందట. గురువారం పొద్దుటికల్లా జవాబు చెప్పాలట. అత్తయ్య వెళ్ళమంటోందట. చెప్పడం అయ్యాక తలెత్తి నన్ను చూసింది.

"మీరేమంటారు?"

దేవుడు నాకు అంతకన్నా తేలికైన అవకాశం ఇవ్వలేడు. నేనేమన్నానో తెలుసా? "మంచి ఉద్యోగం కదండీ. వెళ్ళండి."

ఆమె సరేనని తలూపింది. బయట వాన మొదలైంది. ప్రతి వారం వాన పడితే నన్ను గొడుగులోకి పిలిచి, నా పొడుగుని తిట్టుకుంటూ చెయ్యి పైకెత్తి నడిచే మనిషి, ఆ రోజు గొడుగు తెరిచి ఒక్కతే వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి ఆ గొడుగు మలుపు తిరిగేదాకా చూశాను.

వెనక నుంచి తాత అన్నాడు. "నా కుళాయి నాలుగుసార్లు బాగుచేశావు. మొదటిసారి తర్వాత అది ఒక్క చుక్క కూడా కారలేదు. నేను నోరు మూసుకున్నాను, నువ్వు తెరుస్తావు కదా అని. నీ అంత దద్దమ్మని ఎక్కడా చూడలేదు నాయనా."

దద్దమ్మనే. నాలుగు రోజులు అన్నం సయించలేదు. నేను చెబితే ఆమె కాదంటుందేమోనని భయం, ఔనంటే మంచి ఉద్యోగానికి అడ్డం పడ్డానేమోనని ఇంకో భయం. కానీ చెప్పకుండా ఆమెని పంపించేస్తే బతికున్నంత కాలం నన్ను నేనే తిట్టుకోవాలి. బుధవారం మధ్యాహ్నానికి ఆ సంగతి ఒక్కటి మాత్రం గట్టిగా తెలిసింది.

ఆ సాయంత్రం కూడా సింకు కిందికి దూరాను. అలవాటు. హాల్లో ఆమె నా చీటీ చదివింది. చదివాక, వచ్చే వారం నుంచి ఈ చీటీ ఇంకెవరైనా చదవాలి, ఆయన్ని మాత్రం వదిలెయ్యకండి అని వాళ్ళకి అప్పగించింది. పేరు కూడా తెలియని పిరికివాడి గురించి అప్పగింతలు. మేనత్త ప్రార్థించింది, అందరూ ఆమెన్ అన్నారు. నేను లేచి వంటగది తలుపు తోశాను.

మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాను. చేతిలో పానా అలాగే ఉంది. పదకొండు మంది నన్ను చూస్తున్నారు.

"ఆ చీటీ నాదండీ," అన్నాను.

మేనత్త కళ్ళజోడు సర్దుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "అమ్మాయికి చెప్పేశావా?"

"లేదండీ. చెబుదామనే వచ్చాను."

"ఇక్కడికా?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అక్కడున్న వాళ్ళలో అరవై దాటని మనిషి ఒక్కతే. తలలన్నీ మెల్లగా అటు తిరిగాయి. ఆమె చీటీని గుప్పిట్లో పట్టుకుని కదలకుండా నిలబడింది.

"బామ్మ తల దువ్విన రోజు నుంచీ మీరంటే నాకు ఇష్టం," అన్నాను. "వెళ్ళమని అన్నది నోటితో. మనసులో లేదు. వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు లేదు. మీరు ఎక్కడున్నా ఈ ఇష్టం ఇలాగే ఉంటుంది. అది తెలియకుండా మాత్రం మీరు జవాబు చెప్పకూడదు."

ఆమె గుప్పిట విప్పి చీటీ వంక చూసింది. తర్వాత, "రెండో వారం నుంచీ ఆ సింకు కిందే ఉన్నారు," అంది. "అంతా విన్నారన్నమాట."

"విన్నాను."

"అత్తయ్య పొగరు అణచమన్నది కూడా?"

"ఆమెన్ గట్టిగా అన్నది మీరే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేనత్త మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడింది. పెంచుకున్న పిల్ల కళ్ళు నెత్తికెక్కాయని ఎనిమిది వారాలు దేవుడికి ఫిర్యాదు చేసింది మరి. కాసేపటికి తేరుకుని, ఆమెని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది. "నీ ఇష్టం తల్లీ. ఉద్యోగమూ మంచిదే. ఇక్కడెవరూ నిన్ను బలవంతం చెయ్యరు, నేను చెయ్యనివ్వను."

"బలవంతం చేసింది నేనే అత్తయ్యా," అంది ఆమె. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "ఆ అమ్మాయి మనసు ఈయన వైపు తిప్పమని తొమ్మిది బుధవారాలు మోకాళ్ళ మీద అడిగింది నేను. శనివారం ఈయన వెళ్ళమన్నప్పుడు ఇల్లు చేరేదాకా ఎందుకు ఏడ్చానో నాకే తెలియలేదు. దేవుడు అడిగినంతా చేసేశాక, నాకొద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మేనత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒరే ఇంజనీరూ, ముందు వెళ్ళి మీ అమ్మని తీసుకురా అని ఆర్డరు వేసింది. నేను కదల్లేదు. అన్ని వారాలు అడిగి తెచ్చుకున్న ధైర్యం అంతా అప్పటికే ఖర్చయిపోయింది. ఆమె నా దగ్గరికి వచ్చి, పానా తీసి బల్ల మీద పెట్టి, నా తడి చెయ్యి పట్టుకుంది.