శంకర్ ఎంచిన రంపం

"గడప లోపల కాలెట్టావంటే ఊరుకోను! నా కొడుకు సెయ్యి తినేసింది సాలదా? మళ్ళీ ఏ మొకం ఎట్టుకొని వొచ్చినావురా?"

అత్తగారు వెంకటరమణమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి అరుస్తుంటే వంటింట్లో గౌరీశ్వరి గిన్నె దించి తలుపు దగ్గరికొచ్చింది. వచ్చింది ఎవరో చూడక్కర్లేదు... తమ్ముడు సాయిశంకర్! అమ్మ సీతాలు పోయాక వాడు ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. తల్లి పోయిన రెండు నెలలకే ఇంత చిక్కిపోవాలా! పరవాడలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, ఎప్పుడూ నవ్వే మొహం, ఈ రోజు ఎండలో దొంగలా తల వంచుకుని నిలబడ్డాడు.

"గొడవకి రానేదు అత్తమ్మా" అన్నాడు శంకర్. "నా బండి అమ్మేసినాను. రేపు ద్వారకా నగర్ ఎల్లి పెద్ద కంపెనీ మిషనే కొంతాను. సెలవు రోజుల్లో నానే సెట్లెక్కి కొమ్మలు కోత్తాను. వొచ్చిందంతా బావకే ఇత్తాను. ఆ సవక మిషన్ ఎంచిన పాపం నాదే కదా..."

గౌరీశ్వరి తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వీడు చెట్టెక్కడమా! మేడ మీంచి కిందకి చూస్తేనే కళ్ళు తిరిగే పిల్లాడు! వీడు చేయని పాపానికి వీడే శిక్ష వేసుకుంటుంటే, ఆ పాపం ఎవరిదో తెలిసిన తను నోరు మూసుకుని వంటింట్లో దాక్కుంది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది ఆమెకి.

ఎనిమిది నెలల కిందటి మాట. అప్పట్లో ఆమె భర్త దుర్గారావు చెట్ల పని చేసేవాడు. మధురవాడలో అపార్ట్‌మెంట్ల మీదికి, కరెంటు తీగల మీదికి ఒరిగిన కొమ్మల్ని అతను ఎక్కి కోస్తే, కింద గౌరీశ్వరి లాగి కుప్ప వేసేది. చేతిరంపంతో భుజం పడిపోతోందని రంపం మిషన్ కొనాలనుకున్నారు. చెట్టు మీద వాడేది కాబట్టి పిడి పైనే ఉండే చిన్న రకం కావాలి. పెద్ద కంపెనీ దాని ధర వినగానే దుర్గారావు షాపు మెట్లు దిగిపోయాడు. అప్పుడు శంకర్ చూపిన శ్రద్ధ ఇంతా అంతా కాదు! సెలవు పెట్టి మూడు షాపులు తిరిగాడు. ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి బరువు చూశాడు. స్టార్ట్ చేయించి, బ్రేకు కొడితే చైను అక్కడికక్కడ ఆగుతోందా అని చూశాడు. చైను అరిగితే ఊళ్ళో దొరుకుతుందా అని అడిగాడు. చివరికి సగం ధరలో ఒకటి ఎంచి, "పేరు నేదు గానీ పనికి ఢోకా నేదు బావా!" అన్నాడు. షాపతను లోపల వాళ్ళిద్దరికీ అన్నీ విప్పి చూపిస్తుంటే గౌరీశ్వరి బయట బండికి కాపలా ఉంది.

కొత్త బండి కొన్నవాళ్ళు వెళ్ళినట్టే సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళి మిషన్‌కి పూజ చేయించారు. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఆమెకి మనసాగలేదు. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, దారానికి పసుపు రాసి, మొగుడితో పాటు చెట్టెక్కే మిషన్ కదా అని ఆ పిడికి తొమ్మిది చుట్లు బిగించి కట్టింది. కట్టి కళ్ళకద్దుకుంది కూడాను!

ఆ రోజే నిద్రగన్నేరు మీద ఒక కొమ్మ కోసి, ఇంజన్ ఆపకుండా మిషన్ని నడుముకి వేలాడదీసుకుని, దుర్గారావు పక్క కొమ్మకి జరిగాడు. ఒక పుల్ల దూరి పిడి కింది ట్రిగ్గర్‌ని నొక్కింది. చైను గిర్రున తిరిగింది! తోసేయబోయిన కుడిచేతి మణికట్టు మీద పడింది. ఆసుపత్రిలో చేతినైతే నిలబెట్టారు గానీ వేళ్ళు మాత్రం ఇక ముడుచుకోలేదు. చెట్ల మీద కోతిలా తిరిగిన మనిషి ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్.

ఆసుపత్రి వరండాలో శంకర్ తల బాదుకుని ఏడ్చాడు. "అలా ఎలా తిరిగిందక్కా? పిడి మీద మీట ఉంటాది. అరసెయ్యి నొక్కితేనే గానీ సైను తిరగదు. ఆ మీటే పాడై ఉంటాది!" ఆ మాట వింటూనే ఆమె ఇంటికి పరుగెత్తి మిషన్ చూసింది. తను కట్టిన దారం కింద మీట లోపలికి నొక్కుకుపోయి ఉంది... దారం కోసి పొయ్యిలో పడేసింది. ఈ స్థితిలో చెబితే మొగుడు ఇంకా కుంగిపోతాడని, రేపు చెబుదాం అనుకుంది. ఈలోగా అత్తగారు "సవక మిషన్ అంటగట్టినాడు" అని ఊరంతా చాటింది. ఆ రేపు రాలేదు. సంగతి విన్న సీతాలు "నా కూతురి పసుపు కుంకాలతో ఆడుకున్నావురా" అని కొడుకుతో మాట మానేసింది. ఆ పంతంతోనే కన్ను మూసింది.

"శంకర్, ఆగరా!" గౌరీశ్వరి బయటికొచ్చి తమ్ముడి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు ఏ మిషనూ కొనొద్దు. నువ్వు కొన్నది మంచిదేరా! నానే... నానే ఆ పిడికి పసుపు దారం కట్టినాను. మీట నొక్కుకుపోయింది. తెలిసి కూడా సెప్పనేదు. నన్ను కొట్టరా తమ్ముడూ!"

రాత్రి కాపలా దిగి వచ్చి మంచం మీద కూర్చున్న దుర్గారావు మెల్లగా లేచాడు.

"నాకు తెల్సు గౌరీ" అన్నాడు.

ఆమె తమ్ముడి చేతులు వదిలి అతని వైపు తిరిగింది.

"మీట నొక్కుకుపోయిందని మొదటి కొమ్మ కాడే సూసినాను. తెంపీబోయినాను. పొద్దున్నే తలకి నీళ్ళోసుకుని కట్టినావు... తెంపితే బాధపడతావని, ఈ సెట్టు అయిపోయాక విప్పుదామనుకున్నాను. తరవాత సెప్తే అమ్మ నిన్ను బతకనీదని నోరు మూసుకున్నాను."

ఇంతకన్నా ఘోరం ఉంటుందా! మొగుణ్ణి చూసి పెళ్ళాం, పెళ్ళాన్ని చూసి మొగుడు, ఒకరి కోసం ఒకరు కడుపులో దాచుకున్నారట. ఎంత ప్రేమ! ఆ ప్రేమ బరువంతా మాత్రం ఏ తప్పూ లేని ఆ పిల్లాడి నెత్తి మీద పెట్టారు. గౌరీశ్వరికి భర్త మీద కోపం కూడా రాలేదు, తనూ చేసింది అదే కనక.

"నా నోరు పడిపోను..." వెంకటరమణమ్మ గుమ్మంలోంచి తప్పుకుని గోడకి చేరగిలబడి ఏడ్చింది. తనే లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, "లోపలికి రా నాయనా, అన్నం తిందువు గానీ" అంది. దుర్గారావు ఎడమచేత్తో బావమరిది భుజం చుట్టి దగ్గరికి తీసుకుని, "తప్పు నాదిరా శంకర్" అన్నాడు.

శంకర్ ఒక్క మాట తూలినా గౌరీశ్వరికి కాస్త ఊపిరి ఆడేది! నీళ్ళు తాగి చెంబు అరుగు మీద పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అంతా సర్దుకుందనుకుని ఆమె కంచం తేబోయింది. అతను అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

"అక్కా... అమ్మకి ఎవలు సెప్తారు?"

గౌరీశ్వరి గబగబా గుమ్మం దాకా వచ్చింది. శంకర్ బస్సు కోసం రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు.