గమనిక

తెల్లారేసరికి ఆకాశం ఉతికి పిండని గుడ్డలా వేలాడుతోంది. వాన పడితే జిగురు ఆరదు. యూనివర్సిటీ బోర్డులకు కాగితాలు అంటించే అటెండరు, మోకాళ్లు నొక్కుకుంటూ గడపలో కూర్చుని, ఆ రోజు పోస్టర్ల కట్ట విప్పాడు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. క్యాంపస్‌లో ఆయన్ని గమనిక మామ అంటారు. చదువు మూడో తరగతితో ఆగింది. మిగతాది బోర్డులే నేర్పాయి.

పై కాగితం మీది ఫొటోలో తన కూతురు నవ్వుతోంది. కింది అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. 'అక్షరం ముక్క లేని ఇంటి నుంచి మన క్యాంపస్‌కు. చదువు అందరిదీ.'

మళ్లీ చదివాడు. మారలేదు.

"ఏంటలా కొయ్యబారిపోయారు?" అంది భార్య పొయ్యి దగ్గర్నుంచి.

"నీ కూతుర్ని పిలు."

కూతురు తడి జుట్టుతో వచ్చింది. పోస్టర్ చూడగానే తల దించుకుంది.

"ఇది నువ్వు చెప్పిన మాటేనా?"

"కాదు నాన్నా. మీ ఇంట్లో చదువుకున్నవాళ్లెవరైనా ఉన్నారా అని సమాన అవకాశాల విభాగం మేడమ్ అడిగారు. లేరన్నాను. మిగతాది ఆవిడే రాశారు. నాకు ముందే చూపించారు కూడా."

"చూసి?"

"ఊరుకున్నాను. ఎంత చీకట్లోంచి వస్తే అక్కడ అన్ని చప్పట్లు. దీన్ని చూసి మనలాంటి పిల్లలు ఇంకో పదిమంది చేరతారన్నారు."

"చేరనీ, మంచిదే. మీ నాన్న నోట్లో వేలు పెడితే కొరకలేడని కూడా రాయించకపోయావా?"

"పొద్దున్నే ఎందుకండీ," అంది భార్య.

ఆయన మంచం కింది పెట్టె లాగి, పసుపెక్కిన కాగితాలు కూతురి ముందు పెట్టాడు. ఒకవైపు గడువు దాటిన నోటీసులు, రెండోవైపు చిన్నపిల్ల రాత. గ, గ, గ.

"తేదీ అయిపోతే చించెయ్యమనేవారు. చిరక్కుండా గోటితో ఊడదీసి తెచ్చేవాణ్ణి, వెనక తెల్లగా ఉంటుందని. ప్రతి కాగితం మీదా మొదటి మాట గమనికే. అందుకే నువ్వు అ కంటే ముందు గ నేర్చావు. బళ్లో మీ టీచరు నవ్వింది." పోస్టర్ల కట్ట తన వైపు లాక్కున్నాడు. "అంటించమంటే అంటిస్తాను. ఉద్యోగం కదా. చదవడం రాకపోతే బాగుండేది."

కూతురి కన్నీళ్లు కాగితం మీద పడబోతే చప్పున పక్కకి లాగాడు.

ఆమె ముఖం తుడుచుకుని ఒక పోస్టర్ వెనక్కి తిప్పింది. పెన్ను తీసి మెల్లగా రాసింది. 'గమనిక: నాకు అక్షరాలు నేర్పింది మా నాన్న, ఈ బోర్డుల మీది కాగితాలతోనే.'

"ఇవి అంటించకు నాన్నా. ఇది తీసుకుని మేడమ్ దగ్గరికి నేనే వెళ్తాను."

"ఆవిడకి కోపం వస్తే?"

"రానీ. నేను రాసినట్టే వేస్తే వేస్తారు, లేకపోతే ఇంకో ఫొటో చూసుకుంటారు."

ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి చివరిదాకా వెళ్లాడు.

"నీ గ తలకట్టు ఇంకా వంకరే," అన్నాడు.

బయట చినుకులు మొదలయ్యాయి. భార్య మూడు కంచాలు పెట్టింది. కూతురు కాగితాలన్నీ తడి తగలకుండా పెట్టెలో సర్ది, తండ్రి పక్కన కూర్చుంది. ముగ్గురూ కలిసి తిన్నారు.