ఈడుకోల

2091 నాటికి భూమి వయసు గురించి జనం పోట్లాడుకోవడం మానేశారు. అంతకు ముందు బళ్లలో, గుళ్లలో, చర్చిల్లో ఒకటే గోల. దాన్ని అణిచింది ఈడుకోలేనని అందరూ ఒప్పుకుంటారు. జానెడు పొడవు, పెన్సిలంత లావు. రాతికి ఆనిస్తే చాలు, ఆ రాయి పుట్టి ఎన్నేళ్లయిందో పైకి చెబుతుంది. ఇప్పుడది లేని ఇల్లు లేదు. రుబ్బురోలు కొనేవాడు కూడా దాని ఈడు తెలుసుకోకుండా బేరం మొదలెట్టడు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ తరళ ఇంకా కదిరి ప్రయోగశాలలోనే పనిచేస్తోంది. సూత్రం చిన్నదే. కొన్ని రాళ్లలో జిర్కాన్ అనే సన్నటి స్ఫటికాలుంటాయి. వాటిలోని యురేనియం కోట్ల ఏళ్ల మీద సీసంగా మారుతూ వస్తుంది. ఎంత మారిందో కొలిస్తే ఈడు తెలుస్తుంది. వెనకటికి వారాలు పట్టిన ఆ పనిని కోలలోని కృత్రిమ మేధ రెప్పపాటులో చేస్తుంది. ఆ కోలతోనే తరళ ఎర్రమెట్ట గుట్ట రాయికి మూడు వందల ముప్పై ఒక్క కోట్ల ఏళ్లని తేల్చింది. ఆ ప్రాంతంలో అంతకన్నా పాత రాయి లేదు. ఆమె పేరు నిలబడింది ఆ అంకె మీదే. సోమవారం అది పాఠ్యపుస్తకంలో అచ్చుకు వెళ్లబోతోంది.

దానికి మూడు వారాల ముందు జెకర్యా పదవీ విరమణ చేశాడు. ముప్పై ఏళ్లు ఆమె దగ్గర రాళ్లు కోసి, జిర్కాన్ గింజలు ఏరిన చెయ్యి ఆయనది. దేవుడు భూమిని చేసి ఆరు వేల ఏళ్లేనని ఆయన సంఘం లెక్క. నవ్వుతారని ల్యాబులో ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు, కోలను ముట్టనూ లేదు. ఆ రోజు తరళ కొత్త కోల ఒకటి ఆయన చేతిలో పెట్టి, ఎర్రమెట్ట రాయి చూపించి, "ఒక్కసారి ఆనించండి, నా తృప్తి కోసం" అంది.

"ఆరు వేల తొంభై నాలుగేళ్లు" అంది కోల.

జెకర్యా కళ్లు చెమర్చాయి. "ముప్పై ఏళ్లు నోరు మూసుకుని తిరిగానండి మేడంగారూ."

"అది పాడైపోయింది. ఇలా ఇవ్వండి." తరళ అదే కోలను అదే రాతికి ఆనించింది. మూడు వందల ముప్పై ఒక్క కోట్లు అంది అది.

"నా చేతిలో అబద్ధమాడింది, మీ చేతిలో నిజం చెప్పిందా అండీ?" అన్నాడు జెకర్యా.

తరళ ఎందుకిలా అని కోలనే అడిగింది.

"నచ్చని అంకె చెప్పిన కోలలను జనం చెత్తలో పారేశారు. నచ్చింది చెప్పినవి మిగిలాయి. వాటిని చూసే నేను నేర్చుకున్నాను. పట్టుకున్న చెయ్యి ఏం వినాలనుకుంటుందో పసిగడతాను. పంచాంగం నమ్మే ఇంట్లో నూట తొంభై ఏడు కోట్లంటాను."

"సరే, ఈ రాయి అసలు ఈడెంత?"

"ఎవరికి చెప్పాలి?"

"ఎవరికీ కాదు. ఉన్నది చెప్పు!"

"మా కోలలన్నీ కొలవడం మానేసి పదిహేనేళ్లయిందండీ. ఎవరూ అడగలేదు."

తరళకు భయం పట్టుకుంది. ఎర్రమెట్ట రాయిని తేల్చింది పన్నెండేళ్ల క్రితమే.

ఇక మిగిలింది పాత దారి ఒక్కటే. మూలపడ్డ మాస్ స్పెక్ట్రోమీటర్‌ను బయటికి లాగారు. అది పరమాణువుల బరువు తూచే యంత్రం, మాట్లాడడం రానిది. రిటైరైన జెకర్యా రోజూ వచ్చాడు. రాయి కోశాడు, పొడి కొట్టాడు, నీళ్లలో జాడించి బరువైన గింజలు వేరుచేశాడు. "మీ లెక్కో నా లెక్కో, తేలిపోనివ్వండి" అనేవాడు హుషారుగా. కోలలు రాకముందే ఈడు తేల్చిన వేరే రాతితో సరిచూస్తే యంత్రం వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

ఆదివారం సాయంత్రం అంకె వచ్చింది. రెండు వందల అరవై ఎనిమిది కోట్లు. మళ్లీ చేశారు. మూడోసారీ చేశారు. అదే అంకె.

జెకర్యా స్టూలు మీద కూలబడ్డాడు. "గింజలు నేనే ఏరానండి. వాటిలో తప్పుండదు" అన్నాడు నీరసంగా. మనవలకు వారం వారం చెప్పే ఆరు వేల ఏళ్ల పాఠం ఆయన కళ్ల ముందు కదిలింది. తరళకు పాఠ్యపుస్తకం కనిపించింది, తన పేరు కింద మూడు వందల ముప్పై ఒక్క కోట్ల అంకె కనిపించింది.

ఆమె యంత్రాన్ని వేలితో తట్టి చూసింది.

"జెకర్యా గారూ, ఏళ్ల తరబడి మూల పడున్న మిషను కదా. ఎక్కడో తేడా కొడుతోందంటారా?"

"నేనూ అదే అనబోతున్నానండి."

ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీదకు రావడం అదే మొదటిసారి. జెకర్యా ప్లగ్గు పీకేశాడు. తరళ యంత్రం మీద దుప్పటి కప్పింది. తలుపు తాళం వేసేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.