పూజకు పెట్టిన స్పానరు

విజయదశమి పొద్దున్నే డిటెక్టివ్ బాలగోపాల ఇంటి తిన్నె దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. జడ నిండా దూది నలుసులు. నూలుమిల్లు ఆడపిల్లలకు పెళ్లికి ముందే తల నెరుస్తుందని రాజపాళయంలో ఒక వేళాకోళం ఉంది. అది అనేవాళ్లెవరూ మిల్లుకు వెళ్లరు.

"మా అన్నను ఉరి తీస్తారంట సార్," అంది.

పేరు బొమ్మక్క, వయసు పదిహేడు. అన్న అళగిరి అదే మిల్లులో ఫిట్టరు, కార్మిక సంఘం కార్యదర్శి. చిన్న వయసు పనివాళ్లకు కూడా న్యాయమైన కనీస వేతనం ఇవ్వాలని ఏడాదిగా గొంతు చించుకుంటున్నాడు. మర్నాడు వేతనాల కమిటీ ఊళ్లోకి వస్తోంది. పిల్లల తరఫున సాక్ష్యం చెప్పడానికి ధైర్యం చేసింది పాండియమ్మాళ్ ఒక్కతే. ముందురోజు, ఆయుధపూజ సాయంత్రం, మిల్లు గోదాములో ఆ పిల్ల తల ఎవరో పగలగొట్టారు. ప్రాణం అక్కడే పోయింది.

"అది సంఘం మీటింగుకు రాలేదని మా అన్న ఎతుక్కుంటా పోయి, మిల్లు గోడ దూకినాడు సార్. చూసి కేకలు పెట్టినాడు. కేకలు పెట్టినోణ్ణే పోలీసోళ్లు పట్టుకొన్నారు."

"కమిటీకి ఏం చెప్పాలనుకొన్నాదమ్మా ఆ పిల్ల?"

"సంబళం పెంచాలని, మా చేతికే ఇవ్వాలని. మమ్మల్ని పనిలో చేర్చింది మేస్త్రి కదా, సంబళం ఆయన చేతికే పోతాది. ఆయన తీసుకోగా మిగిలిందే మాకు."

"రేపు దాని బదులు ఎవరు మాట్లాడతారు?"

బొమ్మక్క చేతులు ఓణీ కింద దాచుకుంది. "మాట్లాడితే మమ్మల్నీ గోదాములో పడుకోబెడతారు సార్."

బాలగోపాల దగ్గాడు. ఆయన దగ్గులో కూడా ఆధారాలు వెతికే అసిస్టెంటు విజయరాఘవ, బి.ఏ., వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు.

ఆగిన మిల్లులో ఉండే నిశ్శబ్దం శ్మశానంలో కూడా ఉండదు. ప్రతి యంత్రానికీ చందనం మీద కుంకుమ పెట్టారు. మసక వెలుతురులో అవి బొట్లలా లేవు, గాయాల్లా ఉన్నాయి.

గేటు తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకరు మేనేజరు వెంకటకృష్ణరాజా, నుదుట తిరునామం. రెండోవాడు మేస్త్రి సంకరలింగం, నుదుట మూడు పట్టీల విభూతి. పూజ అయ్యాక లోపల ఉండిపోయింది ఆ ఇద్దరే. వాళ్లకు కాస్త దూరంలో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య అళగిరి, నుదుట ఏమీ లేదు.

"కొట్టింది బరువైన ఇనుముతో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ వస్తువే దొరకలేదు."

"ఈ మిల్లులో ఇనుమంతా పూజలోనే ఉన్నాది," అన్నాడు మేనేజరు. "పూజకు పెట్టినదాన్ని ముట్టేదెవరు? సామి లేదనే ఈ మహానుభావుడు తప్ప!"

"లేనిదాన్ని ఉందనమంటావా రాజా?" అన్నాడు అళగిరి.

"నోరు మూసుకోన్నా!" అంది బొమ్మక్క.

"పిల్లల సంబళం పెంచితే మీకు నష్టమే కదా?" అని బాలగోపాల మేనేజరును అడిగాడు.

"వాళ్లు పని నేర్చుకొనేవాళ్లు. నేర్చుకొనేవాళ్లకు పూర్తి సంబళం ఎక్కడైనా ఉన్నాదా?"

బాలగోపాల బొమ్మక్క వైపు తిరిగాడు. "ఎన్నాళ్లుగా నేర్చుకొంటా ఉన్నావమ్మా?"

బొమ్మక్క మేస్త్రి మొహం చూసి తల దించుకుంది.

ఫిట్టింగు షాపులో సరస్వతి పటం ముందు పనిముట్లు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ నూనెతో మెరుస్తుంటే ఒక పెద్ద స్పానరుకు మాత్రం సన్నగా తుప్పు లేచింది. బాలగోపాల దాని ముందు చాలాసేపు వంగి నిలబడ్డాడు. ఆయనకు నడుము పట్టేసిందేమోనని విజయరాఘవ కంగారుపడ్డాడు.

"పూజకు చందనం ఎవరు తెచ్చినారు?"

"మా ఇంటి నుంచి వచ్చినాది," అన్నాడు మేనేజరు. "పూజ కాగానే గిన్నె ఇంటికి పంపించేసినాను. కుంకుమ మాత్రం పటం ముందరే ఉండె."

"అందరినీ ఇక్కడికి పిలవండి."

మళ్లీ యంత్రాలు తిప్పే పూజకని వచ్చిన పనివాళ్లు గుమ్మం దాకా నిండారు. అందరూ చూస్తుండగా బాలగోపాల ఒక సుత్తి తీసి, జేబురుమాలుతో దాని బొట్టు తుడిచేశాడు. గుంపులోంచి "అయ్యయ్యో" అన్న కేక లేచింది.

"తప్పే. మళ్లీ పెట్టేయండి, మీలో ఎవరైనా సరే," అంటూ బాలగోపాల ఆ ముగ్గురి వైపు సుత్తి చాచాడు.

చందనం గిన్నె కోసం మేనేజరు కళ్లు అటూ ఇటూ వెతికాయి. అళగిరి చేతులు కట్టుకున్నాడు. సంకరలింగం చెయ్యి మాత్రం దానంతటదే నడుముకు కట్టుకున్న సంచిలోకి పోయి, వేళ్లకు విభూతితో బయటికి వచ్చింది.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆ స్పానరు చూడండి," అన్నాడు బాలగోపాల. "అన్నిటికీ కుంకుమ కింద చందనం, దానికి మాత్రం విభూతి. నెత్తురు కడిగితే నూనె పోయి తుప్పు పట్టింది, బొట్టూ పోయింది. దేవుడు లేడనేవాడైతే దాన్ని అలాగే పారేసిపోతాడు. చంపినవాడికి భక్తి ఎక్కువ. మనిషిని చంపడానికి వెనకాడలేదు గానీ, పూజకు పెట్టిన పనిముట్టును బొట్టు లేకుండా వదలడానికి వణికిపోయాడు. చందనం లేదు, సంచిలో విభూతి ఉంది. తిరునామం పెట్టుకొనే రాజా చచ్చినా విభూతి ముట్టరు."

ఇన్‌స్పెక్టరు స్పానరును గుడ్డతో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. దాని దవడల మధ్య ఒక పొడవాటి వెంట్రుక, దానికి అంటుకుని దూది నలుసు.

"పూజ బహుమానమని పిలిచినాను," అన్నాడు సంకరలింగం, ఎవరి మొహమూ చూడకుండా. "ఆ మాట కమిటీ ముందర అనొద్దు తల్లీ అని బతిమాలినాను. వినలేదు. వాళ్ల చేతికే సంబళం పోతే ఈ మేస్త్రికి ఇంక ఎవరు దండం పెడతారు?"

కానిస్టేబుళ్లు పక్కకు తప్పుకోగానే అళగిరి చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

"విభూతే కాపాడినాది నిన్ను," అంది బొమ్మక్క ఏడుస్తూ. "ఇప్పుడైనా దండం పెట్టన్నా."

"దానికెందుకు? ఈ సార్‌కి పెడతాను."

మర్నాడు కమిటీ పెద్ద కళ్లజోడు సర్దుకుని, పిల్లల తరఫున ఎవరు మాట్లాడతారని అడిగాడు. పాండియమ్మాళ్ కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. చాలాసేపటికి బొమ్మక్క వెళ్లి ఆ కుర్చీ పక్కన నిలబడింది.

"పనిలో చేరి ఎన్నాళ్లయింది? ఇంకా నేర్చుకుంటున్నావా?"

బొమ్మక్క ఓణీ కింది నుంచి చేతులు తీసి బల్ల మీద పెట్టింది. వేళ్ల నిండా నూలు కోసిన గీతలు.

"ఓణీ ఎయ్యకముందు, పావాడ కట్టిన నాటి నుంచి చేస్తా ఉన్నాను సార్. కొత్తగా వచ్చినోళ్లకు నేనే నేర్పిస్తాను. నేను మాత్రం ఇంకా నేర్చుకొంటా ఉన్నానంట."

వెనక బెంచీలో ఇంకొక పిల్ల లేచి నిలబడింది.